ఎద్దును చూసి గీసిన బొమ్మకు కాస్త చోటివ్వండి

సంపాదకుల వారికి, నమస్కారం.

మొన్న కనుమ నాడు మీ ప్రత్యేక పేజీలో ఎద్దుల జత బొమ్మ ఒకటి సగం పేజీకి వేశారు. రంగులు బాగున్నాయి, కొమ్ములకు పసుపు, మెడలో మువ్వల పట్టెడ, ముందర ముగ్గు, అన్నీ ఉన్నాయి. కానీ ఆ రెండు ఎద్దులకూ మూపురం మెడ వెనక నుంచి జరిగి నడివీపు మీదికి వచ్చేసింది. గంగడోలు లేనే లేదు. వెనక కాలు మధ్యలో ఉండే కీలు వెనక్కి పొడుచుకుని ఉండాల్సింది పోయి మనిషి మోకాలులాగా ముందుకు వంగింది. కింద "ఒంగోలు గిత్తలు" అని రాశారు, కొమ్ములేమో బారెడున్నాయి. ఒంగోలు జాతికి కొమ్ములు పొట్టివండీ, మొదట్లో లావుగా ఉండి పక్కకీ వెనక్కీ కాస్త సాగి ఆగిపోతాయి. ఎవరో కంప్యూటర్‌తో చేయించిన బొమ్మ అని మా ఊళ్ళో టీకొట్టు దగ్గర పేపర్ చూసిన ప్రతి రైతూ చెప్పాడు.

మిమ్మల్ని తప్పు పట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పండగ పూట పేజీ నింపాలి, ఆ టెన్షన్ ఏమిటో నాకు తెలియనిది కాదు. కానీ ఇదే ప్రకాశం జిల్లాలో, బతికున్న ఒంగోలు ఎద్దు ఎదురుగా నిలబడి ఉండగా, దాన్ని చూసి గీసిన బొమ్మ ఒక్కటి కూడా ఏడాది పొడుగునా ఏ పేపర్లోనూ కనిపించకపోవడం నాకు బాధగా ఉంది. ఆ బాధ ఒకటీ, చిన్న విన్నపం ఒకటీ చెప్పుకుందామని రాస్తున్నాను.

నేను 31 ఏళ్ళు స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. అప్పటినుంచి వారం వారం పశువుల సంతకి వెళ్ళి స్కెచ్‌లు వేస్తున్నాను. కొనేది లేదు, అమ్మేది లేదు. ఒక రూళ్ళు లేని నోటుపుస్తకం, రెండు బాల్‌పెన్నులు, అంతే. తెల్లవారుజామున 5 గంటలకల్లా చేరాలి. అప్పటికి లారీల్లోంచి దించిన పశువులు ఇంకా బెదురుమీద ఉంటాయి, ఒకచోట నిలబడవు. ఎండ ఎక్కేసరికి నెమరుకి కూర్చుంటాయి. బెదురు తగ్గి నెమరు మొదలయ్యే మధ్యలో దొరికే ఆ రెండు గంటలే నాకు కావలసినవి.

పశువు మనకోసం నిలబడదు, కదులుతున్నదాన్ని ఎలా గీస్తారని చాలామంది అడుగుతారు. నాకూ మొదట్లో చేతకాలేదు. తల గీసేసరికి తల తిప్పేసేది, కాళ్ళు గీద్దామంటే అడుగు వేసేసేది. ఏడాది పైన పట్టింది కిటుకు తెలియడానికి. పశువు కదులుతుంది, కానీ కదిలినా మళ్ళీ అవే భంగిమలకి వస్తుంది. ఈగ వాలితే మెడ వెనక్కి తిప్పి భుజం నాకుతుంది, తర్వాత గాడిలో మూతి పెడుతుంది, తర్వాత తలెత్తి చెవులు ముందుకి పెట్టి చూస్తుంది, మళ్ళీ ఈగ. అందుకని ఒకే పేజీలో నాలుగైదు బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టి ఉంచుతాను. తల తిప్పినప్పుడు ఆ బొమ్మకి రెండు గీతలు, గాడిలో పెట్టినప్పుడు ఈ బొమ్మకి రెండు గీతలు. అరగంటలో రెండు పూర్తవుతాయి, రెండు సగంలో ఉండిపోతాయి. వాటిని ఇంటికొచ్చి ఊహించి పూర్తి చేయకూడదు. ఈ ఒక్క నియమం మాత్రం నేను గట్టిగా పాటిస్తాను. చూడనిది గీయకూడదు.

మొదటి గీత ఎప్పుడూ వీపుదే. రెండు కొమ్ముల మధ్య నుంచి బయలుదేరి, మెడ మీదుగా మూపురం ఎక్కి దిగి, నడుము దగ్గర కాస్త పల్లమై, తుంటి ఎముక దగ్గర లేచి తోకలోకి జారిపోయే గీత. అది కుదిరితే ఎద్దు సగం వచ్చేసినట్టే. ఎద్దుకీ ఆవుకీ, బలిసిన దానికీ ఎండిన దానికీ, మూడేళ్ళ కోడెకీ పన్నెండేళ్ళ ముసలి ఎద్దుకీ ఆ గీతలోనే తేడా తెలిసిపోతుంది. గేదెకి ఇంకోలా ఉంటుంది, మూపురం లేదు కాబట్టి మెడ నుంచి వీపు దాకా ఒకటే వంపు, వెనక తుంటి ఎముకలు మాత్రం గుడారం గుంజల్లా లేచి ఉంటాయి.

ఒకసారి జత విడిపోయి ఒంటరిగా కట్టేసి ఉన్న ఎద్దును గీస్తున్నాను. డెబ్బై దాటిన రైతు ఒకాయన నా భుజం మీదుగా చాలాసేపు చూసి, "మాస్టారూ, ఇది దాపటిది గదా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఎడంపక్క కట్టే ఎద్దు దాపటిది, కుడిపక్కది వలపటిది అని తెలుసుగానీ, ఒంటరిగా ఉన్నదాన్ని చూసి ఎలా చెప్పారని అడిగాను. ఆయన ఎద్దును చూపించలేదు, నా బొమ్మను చూపించాడు. "ఇదిగో, మెడ కుడికి ఒరిగుంది. పదేళ్ళు కాడి కింద కుడిపక్క తోడు చూసుకుంటా నడిచింది, ఇప్పుడు పక్కన తోడు లేకపోయినా అటే ఒరుగుద్ది" అన్నాడు. వెళ్ళి ఆ ఎద్దు తెచ్చినాయన్ని అడిగితే అవును, దాపటిదే. ఆ ఒరుగు నేను తెలిసి గీసింది కాదు. కళ్ళు చూసింది చెయ్యి గీసేసింది. ఫొటో చూసి గీసి ఉంటే, ఆ ఒరుగు కెమెరా పక్కకి వంగడం వల్ల వచ్చిందనుకుని సరిచేసి ఉండేవాణ్ణేమో.

ఇంకో రోజు ఎద్దుకి నాడాలు కొట్టడం గీశాను. ఈ కాలం పిల్లల్లో చాలామంది చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. గుర్రానిది ఒకటే గిట్ట, కాలికి ఒక్క నాడా చాలు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు చొప్పున ఎనిమిది బిళ్ళలు. తాడు మెలివేసి ఎద్దును మెల్లగా పడుకోబెట్టి, నాలుగు కాళ్ళూ ఒకచోటకి కట్టి, గిట్ట అంచులు చెక్కి, మేకులు కొడతారు. గీసేది అంతసేపూ కట్టేసి ఉన్న ఎద్దునే కాబట్టి కదలదు, తేలిక అనుకున్నాను. తీరా చూస్తే నా పేజీ నిండా దాని కన్నే ఉంది. ఒక మనిషి దాని తల నేలకి అదిమిపట్టి ఉన్నాడు, పైకి తేలిన కన్ను తెల్లగుడ్డు కనబడేలా తిరిగి ఉంది, కింద నల్లటి చర్మం మీద తడి చార. నేను ఆ రోజు గిట్టలు గీయలేకపోయాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కిందటేడు మా మండల కేంద్రంలో బడిపిల్లలకి బొమ్మల పోటీ జరిగింది, "రైతు నేస్తాలు" అన్నది అంశం. ముగ్గురు జడ్జీల్లో నేనొకణ్ణి. 40కి పైగా బొమ్మలు వచ్చాయి, అందులో సగానికి పైగా ఒకటే ఎద్దు. ఒకటే నవ్వు, ఒకటే పెద్ద కళ్ళు, కొమ్ముల మీద ఒకటే మెరుపు. పిల్లలందరూ ఫోన్లో ఒకటే మాట కొట్టి, మొదట వచ్చిన బొమ్మ ఎక్కించుకుని తెచ్చుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు, ఇంట్లో పెద్దవాళ్ళే వెతికిపెట్టారు. వాటి మధ్యలో ఏడో తరగతి పాప ఒకతి పెన్సిల్‌తో గీసిన మేక ఉంది. రంగుల్లేవు. పలుపుతో గుంజకి కట్టేసి పడుకున్న మేక. ముందుకాలు ఒకటి చాపింది, వెనక కాళ్ళు రెండూ ఒకపక్కకి పెట్టింది. చెవులు రెండూ రెండు వైపులకి ఉన్నాయి, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. మేక ఏదో చప్పుడు వింటున్నప్పుడు అచ్చం అలాగే పెడుతుంది.

తోటి జడ్జి ఒకాయన ఆ పాపని పిలిచి "నాలుగో కాలు ఏదమ్మా, మర్చిపోయావా" అని అడిగారు. ఆ పిల్ల భయంభయంగా "కనపడలేదు సార్, కింద మడుచుకుంది, అందుకే గీయలేదు" అంది.

సంపాదకులు గారూ, బొమ్మలు నేర్పడంలో నేను 31 ఏళ్ళు పిల్లలకి చెప్పాలనుకున్నది ఆ పిల్ల ఆ ఒక్క మాటలో చెప్పింది. నేను ఎంత చెప్పినా మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు, "బొమ్మ పూర్తి కాలేదు, రంగు వేయలేదు" అని పక్కన పెట్టారు. మొదటి బహుమతి ఫోన్లోంచి ఎక్కించిన నవ్వే ఎద్దుకి వెళ్ళింది. ఇద్దరు ఒకవైపు, నేనొకణ్ణి ఒకవైపు. ఇంకొంచెం గట్టిగా మాట్లాడి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

పడుకున్న పశువును గీయడం ఎంత కష్టమో గీసినవాళ్ళకే తెలుస్తుంది. ఆవు పడుకునేటప్పుడు ముందర మోకాళ్ళ మీద వంగి, ఆ తర్వాత వెనక భాగం దించుతుంది. లేచేటప్పుడు వెనక భాగం ముందు లేస్తుంది, ఒక్క క్షణం మోకాళ్ళ మీద మొక్కుతున్నట్టు ఉండి, తర్వాత ముందుకాళ్ళు. గుర్రం దీనికి తిరగేసి, ముందుకాళ్ళు చాపి తల ఎత్తి లేస్తుంది. నేను మోకాలు అంటున్నానుగానీ ఆవు ముందుకాలికి మనం మోకాలు అనుకునేది నిజానికి మన మణికట్టు లాంటి కీలు, వెనకకాలు మధ్యలో వెనక్కి పొడుచుకునేది మన మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన చర్మంలో కలిసిపోయి ఉంటుంది. ఈ సంగతి తెలియకే మీ కనుమ బొమ్మలో కాలు అటు వంగింది. పుస్తకంలో చదివితే ఇది రెండు రోజుల్లో మర్చిపోతాం. పది ఆవులు లేవడం చూసి గీసిన చెయ్యి మాత్రం మర్చిపోదు.

నెమరు వేసేటప్పుడు చూడండి, గొంతు కింద నుంచి ఒక ముద్ద పైకి ఎక్కడం మెడ మీద స్పష్టంగా కనిపిస్తుంది. దవడ కిందికీ పైకీ కాదు, పక్కకి తిరుగుతుంది, నలభై యాభైసార్లు నమిలి మింగుతుంది. మింగాక రెండు మూడు సెకన్లు కదలకుండా ఆగుతుంది, ఇంకో ముద్ద పైకి వచ్చేదాకా. ముఖం గీయాలంటే ఆ రెండు మూడు సెకన్లే మనవి.

ఇలా చూసి గీయడం పల్లెటూరి మాస్టారి పిచ్చి అనుకోకండి. హెన్రీ మూర్ అనే ఇంగ్లండ్ శిల్పి ప్రపంచమంతా పేరున్నవాడు. 1972లో ఆయన పెద్ద ప్రదర్శన ఒకటి ఇటలీలోని ఫ్లోరెన్స్‌కి వెళ్ళాలి, శిల్పాలు ప్యాక్ చేసే హడావిడిలో స్టూడియోలో పని సాగలేదు. చిన్న గదిలోకి వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంటే ఎదురుగా పొలంలో గొర్రెలు. 70 దాటిన ఆ పెద్దాయన బాల్‌పెన్ తీసుకుని వాటిని గీయడం మొదలుపెట్టాడు. మొదట అవి ఆయనకి ఒక తల, నాలుగు కాళ్ళు ఉన్న ఉన్ని ముద్దల్లాగే కనిపించాయట. గీస్తూ గీస్తూ ఉంటే ఆ ఉన్ని కింద ఒక్కో గొర్రెకీ ఒక్కో ఒళ్ళు, ఒక్కో స్వభావం ఉన్నాయని తెలిసింది. కిటికీ అద్దం మీద వేలితో తడితే గొర్రెలు తలెత్తి ఆయన్నే చూస్తూ ఐదు నిమిషాల దాకా నిలబడేవట, మళ్ళీ తడితే ఇంకాసేపు. ఇది చదివిన వారం నేను కూడా సంతలో నాలుక చప్పరించి చూశాను. మన నెల్లూరు గొర్రెలు ఐదు నిమిషాలు ఆగలేదుగానీ ముఖం గీసేంతసేపు మాత్రం చూశాయి. ఆ గొర్రెల్లో కూడా ఎన్ని రకాలు! ఒళ్ళంతా తెల్లగా ఉండేది పల్ల, మూతి దగ్గరా కళ్ళ చుట్టూ నల్లమచ్చలుండేది జోడిపి, ఎర్రగా గోధుమరంగులో ఉండేది డోర. ఇంత పొడుగు కాళ్ళ గొర్రె దేశంలో ఇంకెక్కడా లేదంటారు. పిల్లల పుస్తకాల్లో మాత్రం గొర్రె అంటే దూదిపింజలాంటి సీమగొర్రె బొమ్మే వేస్తున్నాం. దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రాల్లో తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది అని 2019 పశుగణన చెబుతోంది. మన గొర్రె ఎలా ఉంటుందో మన పిల్లలకే బొమ్మలో దొరకదు.

మన దేశంలో చిత్రకారుడు నందలాల్ బోస్ ఎక్కడికి వెళ్ళినా జేబులో ఖాళీ కార్డులు పెట్టుకుని వెళ్ళేవారు, దారిలో కనిపించిన మేక, గేదె, చెట్టు, మనిషి, ఏదైనా నాలుగు గీతల్లో కార్డు మీదికి ఎక్కించి శిష్యులకీ స్నేహితులకీ పోస్టు చేసేవారు. అలాంటివి వేలల్లో గీశారు. 1938లో గాంధీగారి కోరిక మీద హరిపుర కాంగ్రెస్ సభల కోసం ఆయన వేసిన పల్లెజనం బొమ్మల్లో గీతకి అంత దమ్ము ఉందంటే ఈ అలవాటు వల్లే అని నా నమ్మకం. మన తెలుగు చిత్రకారులు కొండపల్లి శేషగిరిరావు గారు ఆయన దగ్గర శాంతినికేతన్‌లో చదువుకున్నవారే. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారులు లక్ష్మాగౌడ్ గారి మేకలు చూడండి, ఏ గ్యాలరీలో చూసినా అవి మన ఊరి కంపచెట్టు కింద మేకలే.

ఫోన్ ఉంది కదా, ఫొటో తీసి ఇంట్లో తాపీగా గీసుకోవచ్చు కదా అని మా అబ్బాయే అంటాడు. ఫొటో వద్దని నేననను. కానీ ఫోన్‌తో దగ్గర నుంచి తీస్తే తల పెద్దదై వెనక భాగం చిన్నదైపోతుంది, పిల్లలు దాన్నే కొలత అనుకుని గీస్తారు. అంతకన్నా పెద్ద సంగతి, ఫొటో తీసినవాడు ఒక్క సెకను చూస్తాడు. గీసేవాడు అరగంట చూడాలి. ఆ అరగంటలో ఈగలు, పేడ వాసన, పశువు యజమాని మాటలు, దాని వయసు రెండు పళ్ళా నాలుగు పళ్ళా అన్న వాదన, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చేసుకునే బేరం, అన్నీ చెవిన పడతాయి, కంట పడతాయి. అవన్నీ గీతలోకి వస్తాయి.

పాలమూరు ప్రాంతంలో ఉట్నూరు అనే చోట (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) పురావస్తు తవ్వకాల్లో బూడిద దిబ్బ కింద నాలుగు వేల ఏళ్ళకి పైబడిన పశువుల దొడ్డి బయటపడింది, నేలమీద గిట్టల ముద్రలతో సహా. దక్కనులో ఆ కాలపు మనుషులు బండల మీద రాయితో గిచ్చి గిచ్చి ఎడ్ల బొమ్మలు వేశారు. పెన్సిల్ లేదు, కాగితం లేదు, అయినా మూపురం సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. రోజూ చూసినవాళ్ళు కాబట్టి. ఇప్పుడు దుక్కికి ట్రాక్టర్ వచ్చేసింది, మా ఊళ్ళో ఎడ్లజతలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి, బండలాగుడు పందేలకి పెంచేవాళ్ళు లేకపోతే అవీ ఉండేవి కావు. మనవలు ఎద్దును చూడాలంటే తిరునాళ్ళకి వెళ్ళాలి.

ఇక నా విన్నపం. మీ ఆదివారం పిల్లల పేజీలో చుక్కలు కలిపే బొమ్మ, రంగులు నింపే బొమ్మ వేస్తున్నారు. వాటితోపాటు వారానికి ఒక చిన్న చోటు, అరచెయ్యంత చాలు, పిల్లలు స్వయంగా చూసి గీసిన పశువు బొమ్మకి ఇవ్వండి. రంగులు అక్కర్లేదు, పూర్తి కానక్కర్లేదు. కింద రెండే మాటలు రాయమనండి, ఎవరి పశువు, ఎక్కడ చూశావు. "మా నాయనమ్మ గేదె, చెరువుగట్టు" అని ఉంటే చాలు, అది కాపీ బొమ్మ కాదని తెలిసిపోతుంది. వచ్చిన బొమ్మల్లో వేటిని వేయాలో ఎంచడానికి మనిషి కావాలంటే నేను పైసా తీసుకోకుండా చేస్తాను. వచ్చే ఏరువాక పున్నమికి మొదలుపెడితే బాగుంటుంది, అప్పటికి మళ్ళీ కనుమ వచ్చేలోగా ఆ పేజీకి కావలసినన్ని ఎడ్లు మీ దగ్గరే చేరతాయి.

బడుల్లో డ్రాయింగ్ చెప్పే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ కూడా ఇదే మాట. పిల్లల్ని గోడ దాటించండి. పక్కనే ఎవరి కొట్టమో ఉంటుంది. ఖరీదైన కాగితం వద్దు, పాత కరపత్రాల వెనక వైపు చాలు. రబ్బరు మాత్రం ఇవ్వకండి, తప్పు గీత పక్కనే ఒప్పు గీత వేయమనండి. పశువుకి మరీ దగ్గరకి పోకుండా, దాని వెనక నిలబడకుండా, యజమానిని అడిగి కూర్చోబెట్టండి. మొదటి రోజు అందరూ బంగాళాదుంపకి నాలుగు పుల్లలు గుచ్చినట్టే గీస్తారు, నేనూ అలాగే గీశాను. పదో రోజుకి చూడండి.

ఆ మేక పాప ఇంటికి పోటీ అయిన మరుసటి ఆదివారం వెళ్ళాను. వాళ్ళమ్మ మేకలు కాస్తుంది. నా పాత నోటుపుస్తకం, సగం వాడింది, వెనక ఖాళీ పేజీలున్నది ఇచ్చి వచ్చాను. సంక్రాంతి సెలవుల్లో తెచ్చి చూపించింది. 22 పేజీలు నింపింది, అన్నీ అదే మేక. చివరి నాలుగు పేజీల్లో దానికి రెండు పిల్లలు పుట్టాయి. ఒక బొమ్మలో ఒక పిల్ల పొదుగు కింద దూరి తాగుతోంది, తోక గీతలు గీతలుగా కొట్టేసి ఉంది. ఇదేమిటమ్మా అంటే, "తాగేటప్పుడు తోక ఆగదు సార్, ఎన్నిచోట్ల కనపడితే అన్నిచోట్లా గీశాను" అంది. మీరు సరేనంటే మొదటి వారానికి ఆ బొమ్మే పంపిస్తాను. వాళ్ళమ్మని అడిగాను, ఒప్పుకుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
ప్రకాశం జిల్లా